కోటి వ్యూస్ వచ్చాయి సరే, జవాబు చెప్పాల్సింది ఎవరు?

2023 మార్చి మొదటి రెండు వారాల్లో అమెరికాలో టిక్‌టాక్ తెరిచిన కుర్రకారుకి వరసబెట్టి ఒకటే మాట వినిపించింది: అలాస్కాలో విల్లో చమురు ప్రాజెక్టుకి అనుమతి ఇవ్వొద్దు. కొందరు కెమెరా ముందు కూర్చుని ఆవేశపడ్డారు, కొందరు కరిగే మంచునీ ధ్రువపు ఎలుగుబంట్లనీ చూపించి వెనక విషాద సంగీతం పెట్టారు, ఇంకొందరు వైట్‌హౌస్‌కి ఉత్తరం ఎలా రాయాలో నిమిషంలో చెప్పేశారు. ఆ హ్యాష్‌ట్యాగ్‌కి వ్యూస్ కోట్లలో వచ్చాయి. వైట్‌హౌస్‌కి 10 లక్షలకు పైగా ఉత్తరాలు వెళ్లాయి, ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు 30 లక్షలు దాటాయి. మార్చి 13న బైడెన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చేసింది.

ఇలాంటివి చూసే "రీల్స్‌తో భూమి చల్లబడుతుందా" అని వెక్కిరించేవాళ్లు మన దగ్గరా బోలెడుమంది. అలా కొట్టిపారేయడం తేలికే, కానీ అప్పుడు 2019లో జర్మనీలో జరిగింది, 2025లో హైదరాబాద్‌లో జరిగింది అర్థం కావు. మూడు చోట్లా చేతిలో ఉన్నది ఫోనే, వయసు దాదాపు ఒకటే, కోపమూ ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వీడియో చూసినవాళ్లు మర్నాడు ఏం చేయగలరు, ఎవరు ఏ తేదీలోగా జవాబు చెప్పి తీరాలి అన్న దగ్గర.

విల్లో సంగతే తీసుకుంటే, కోనోకోఫిలిప్స్ కంపెనీకి ఆ ప్రాంతంలో లీజులు 1990ల చివరి నుంచే ఉన్నాయి. చేతిలో లీజు ఉన్న కంపెనీకి మొత్తంగా వద్దంటే అది ప్రభుత్వం మీద కోర్టుకెక్కే అవకాశం ఉంది. అలాస్కాకి ఉన్న ఒకే ఒక్క ఎంపీ, ఇద్దరు సెనేటర్లూ పార్టీలకు అతీతంగా ప్రాజెక్టు కావాలన్నారు, ఉక్రెయిన్ యుద్ధంతో పెట్రోలు ధరలు మండి ఏడాది కూడా కాలేదు. పైగా అక్కడి ఆదివాసీల్లోనే రెండు మాటలున్నాయి. ప్రాజెక్టుకి దగ్గర్లో ఉన్న నూయిక్‌సుట్ ఊరి మేయరు వద్దన్నారు, ఆ పన్నుల డబ్బుతోనే బడులూ ఆస్పత్రులూ నడుస్తాయని మరికొందరు ఇనుపియాట్ తెగ నాయకులు కావాలన్నారు. టిక్‌టాక్ వీడియోల్లో ఈ రెండో మాట దాదాపు లేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ చమురు 30 ఏళ్లలో గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 24 కోట్ల టన్నులు, కాబట్టి పిల్లల కోపంలో అన్యాయం ఏమీ లేదు. కాకపోతే నిర్ణయం రావడానికి కొద్ది రోజుల ముందు మొదలైన హడావుడి అది, చూసేవాళ్లలో ఎక్కువమందికి అప్పుడు వేయడానికి ఓటు కూడా లేదు, ఎందుకంటే దగ్గర్లో ఎన్నికలే లేవు. అయిదు డ్రిల్లింగ్ స్థలాలు అడిగిన కంపెనీకి మూడు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆర్కిటిక్ వన్యప్రాణి ఆశ్రయంలోని ఏడు చమురు లీజులు రద్దు చేశారు. ఈ రెండోదాంట్లో ఆ వీడియోల వాటా ఎంతో తూచే తక్కెడ లేదు గానీ, యువ ఓటర్లు మొహం తిప్పుకున్నారన్న భయం మాత్రం బైడెన్ పార్టీ డెమొక్రాట్లకి అప్పటికే పట్టుకుంది.

ఇప్పుడు జర్మనీ. 2019 మే 18న రెజో అనే యూట్యూబర్ ఒక వీడియో పెట్టాడు. నీలం రంగు జుట్టు, 26 ఏళ్లు, అప్పటిదాకా చేసినవి పాటలూ సరదా వీడియోలూ. ఈ వీడియో మాత్రం 55 నిమిషాలు, అప్పట్లో జర్మనీని పాలిస్తున్న అంగెలా మెర్కెల్ పార్టీ సీడీయూని ఏకిపారేయడమే దాని పని. పేద ధనిక తేడాల మీద కొంత, యుద్ధాల మీద కొంత మాట్లాడినా అందులో ఎక్కువ భాగం వాతావరణ సంక్షోభమే: శాస్త్రవేత్తలు ఏం చెప్తున్నారు, ప్రభుత్వం ఏం మాటిచ్చింది, ఏం చేసింది. చెప్పిన ప్రతి మాటకీ ఆధారం ఎక్కడుందో చూపించే పొడుగాటి జాబితా కింద లింకులో పెట్టాడు. సరిగ్గా ఎనిమిది రోజుల్లో, మే 26న, యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలు.

ఎనిమిదిన్నర కోట్ల జనాభా కూడా లేని దేశంలో ఎన్నికల నాటికి దానికి దాదాపు కోటి వ్యూస్ వచ్చాయి. అసలు తమాషా పార్టీ స్పందనలో ఉంది. రెజో వయసే ఉన్న తమ కుర్ర ఎంపీ ఒకరితో జవాబు వీడియో తీయించారు, తీయించి బయటపెట్టకుండా దాచేశారు, దాని బదులు 11 పేజీల పీడీఎఫ్ వదిలారు. యూట్యూబ్‌లో తిట్టినవాడికి పీడీఎఫ్‌తో జవాబు చెప్పడం అంటే పెళ్లి ఊరేగింపులో డప్పు మోతకి విన్నపం రాసివ్వడం లాంటిది. ఈలోగా 70 మందికి పైగా యూట్యూబర్లు కలిసి ఇంకో వీడియో పెట్టారు, మీరు వేసే ఓటు వాతావరణం కోసం వేయండి, ఇప్పుడు పాలిస్తున్న పార్టీలకి మాత్రం వేయకండి అని. ఎన్నికలయ్యాక పార్టీ అధ్యక్షురాలు క్రాంప్ కారెన్‌బావర్ ఎన్నికల ముందు ఇలా అభిప్రాయాలు రుద్దడానికి నియమాలు ఉండాలేమో అన్నట్టు మాట్లాడి, సెన్సార్ చేస్తావా అని మళ్లీ తిట్లు తిన్నారు.

ఫలితాలు: సీడీయూ కూటమికి 2014లో 35.3 శాతం వస్తే 2019లో 28.9 శాతం. పర్యావరణమే ఎజెండాగా ఉన్న గ్రీన్స్ పార్టీవాళ్లు 10.7 నుంచి 20.5కి ఎగబాకారు. 30 ఏళ్ల లోపు ఓటర్లలో మూడో వంతు వాళ్లకే వేశారు. ఇదంతా ఒక్క వీడియో మహిమ అని చెప్పేవాళ్లని నమ్మక్కర్లేదు. అంతకుముందు ఏడాది, 2018లో, ఎండలకి జర్మనీ పొలాలు బీటలు వారాయి, అదే ఏడాది ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు 15 ఏళ్ల గ్రెటా థన్‌బర్గ్ బడి మానేసి అట్టముక్క పట్టుకుని కూర్చుంది, 2019 మార్చిలో ఒక్క శుక్రవారమే జర్మనీలో లక్షల్లో పిల్లలు రోడ్డెక్కారు. గడ్డి అంతా ఎండి ఉన్నప్పుడు పడ్డ నిప్పురవ్వ ఆ వీడియో. రవ్వ పడిన రోజు కూడా సరిగ్గా కుదిరింది.

ఆ ఊపు అక్కడితో ఆగలేదు, కానీ యూట్యూబ్‌లో కొనసాగలేదు. 2019 చివర్లో వచ్చిన వాతావరణ చట్టం చాలదంటూ కొందరు యువత రాజ్యాంగ కోర్టుకి వెళ్లారు. 2030 తర్వాత ఏం చేస్తారో చెప్పకుండా భారమంతా రేపటి తరం మీదకి నెట్టడం వాళ్ల స్వేచ్ఛని హరించడమేనని 2021లో ఆ కోర్టు తేల్చింది. కర్బన తటస్థత (గాల్లోకి వదిలిన కర్బనాన్నంతా తిరిగి పీల్చేసుకునే స్థితి) గడువుని ప్రభుత్వం 2050 నుంచి 2045కి ముందుకి జరిపింది. అంటే వీడియో, వీధి, ఓటు, కోర్టు అన్నీ కలిస్తే వచ్చిన మార్పు. ఇందులో జనానికి గుర్తుండిపోయింది నీలం జుట్టు కుర్రాడే, అది వేరే సంగతి.

హైదరాబాద్ కథకి వద్దాం. కంచ గచ్చిబౌలి. కంచ అంటే తెలంగాణలో పశువులు మేసే, తుప్పలూ రాళ్లూ ఉన్న బీడు నేల. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల మీద వివాదం పాతదే. 2004లో ఒక క్రీడా సంస్థకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, కోర్టుల్లో తిరిగి తిరిగి 2024లో ఆ భూమి ప్రభుత్వానిదే అని తేలింది. కాగితాల మీద చూస్తే ప్రభుత్వ వాదన గట్టిగానే ఉంది: భూమి మాది, రికార్డుల్లో అడవి కాదు, ఐటీ పార్కులకి ఇస్తాం.

2025 మార్చి 30, ఉగాది. మర్నాడు రంజాన్. వరస సెలవుల్లో జేసీబీలు దిగాయి. రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని చెట్లు కూల్చుతుంటే విద్యార్థులు ఫోన్లలో తీసిన వీడియోలు బయటికొచ్చాయి. వాటిలో ఎక్కువగా తిరిగింది ఒక చీకటి వీడియో, అందులో కనిపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ: యంత్రాల మోత, దాని మీదుగా నెమళ్ల అరుపులు. వాతావరణ మార్పు గురించి ఎన్ని గ్రాఫులు చూపించినా కదలని జనం ఆ శబ్దానికి కదిలారు. పండగ పూట ఇళ్లలో ఫోను చేతిలో ఉన్న జనానికి అది చేరింది, వాట్సాప్ గ్రూపుల్లో పెద్దవాళ్లు కూడా ఫార్వర్డ్ చేశారు. విద్యార్థుల్ని పోలీసులు ఎత్తుకెళ్లే వీడియోలు దానికి తోడయ్యాయి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయం చేతిలోకి తీసుకుంది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఎ.జి. మసీహ్ బెంచి తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ని అక్కడికి పంపి చూసి రమ్మంది. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు కూల్చేశారని, నెమళ్లు, జింకలు కనిపించాయని ఆయన నివేదిక ఇచ్చారు. ఉన్న చెట్లని కాపాడటం తప్ప అక్కడ ఇంకే పనీ చేయొద్దని కోర్టు ఆదేశించింది. ఏప్రిల్ 16న మళ్లీ విచారణకి వచ్చినప్పుడు, నీడ కోసం జంతువులు పరిగెడుతున్న వీడియోలు చూశామని జడ్జీలే అన్నారు, పోయిన పచ్చదనం ఎలా తెస్తారో చెప్పకపోతే అధికారులు అక్కడే కట్టే తాత్కాలిక జైలుకి వెళ్లాల్సి వస్తుందని హెచ్చరించారు. ఈలోపు విద్యార్థుల మీద పెట్టిన కేసులు వెనక్కి తీసుకోమని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క పోలీసులకి చెప్పారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఈ కథలో అందరూ దాటేసే భాగం ఒకటుంది. అదే వారంలో ప్రపంచమంతా జీబ్లీ బొమ్మల (ఒక జపాన్ కార్టూన్ స్టూడియో తీరులో ఏఐ గీసే బొమ్మల) పిచ్చిలో ఉంది. కంచ గచ్చిబౌలి మీద కూడా ఏఐతో చేసిన బొమ్మలూ వీడియోలూ దిగాయి. బుల్డోజర్ల ముందు నిలబడ్డ నెమళ్లు, కన్నీళ్లు కార్చే జింకలు లాంటివి. చేసినవాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. కానీ ప్రభుత్వానికి అది వరంలా దొరికింది. వీడియోలన్నీ ఫేక్, జనాన్ని రెచ్చగొట్టడానికే చేశారు అన్న వాదన మొదలైంది, కేసులు పెట్టారు, అలాంటి ఒక జీబ్లీ బొమ్మని రీపోస్ట్ చేసినందుకు సీనియర్ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కి కూడా పోలీసు నోటీసు వెళ్లింది. కొన్నాళ్ల పాటు చర్చ చెట్ల నుంచి బొమ్మల మీదకి మళ్లింది. ఒక మనిషి నేల మీదకి స్వయంగా వెళ్లి కొట్టేసిన ఎకరాలు చూసి వచ్చి రాసిచ్చాడు కాబట్టి ఆ వాదన కోర్టులో నిలబడలేదు గానీ, ఆ రిజిస్ట్రార్ వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. నిజమైన నెమలి అరుపు ఉన్న చోట ఏడ్చే నెమలి బొమ్మ ఎందుకు? అసలైన వీడియో వణుకుతుంది, చీకటిగా ఉంటుంది, సగం ఏమీ కనిపించదు, అందుకే అది సాక్ష్యం. తేదీ, చోటు చెప్పి ఎడిటింగ్ లేని అసలు ఫైలుని దాచుకున్నవాడు రేపు అఫిడవిట్ వేయగలడు, ఫిల్టర్లు కొట్టి పాట కలిపి అసలుది డిలీట్ చేసినవాడు వేయలేడు.

ఎవరికి ఏ వీడియో చూపించాలో తేల్చే ఆల్గారిదమ్ మాత్రం రెండోవాడికే చప్పట్లు కొడుతుంది, అదే చిక్కు. యూట్యూబ్ 2012 నుంచి ఎంతమంది క్లిక్ చేశారన్న దానికన్నా ఎంతసేపు చూశారన్న దానికి ఎక్కువ విలువ ఇస్తోంది. రీల్స్‌లో అయితే మొదటి రెండు మూడు సెకన్లలో వేలు ఆగకపోతే అంతే సంగతులు. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధించాక, కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ వచ్చి ఆ జాగా ఆక్రమించాయి. ఈ పద్ధతిలో భయం, కోపం, ఏడుపు బాగా ఆడతాయి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నోటీసు ఆడదు. దానికి తోడు 2024 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్, రాజకీయ విషయాలున్న పోస్టుల్ని ఫాలో కానివాళ్లకి సిఫార్సు చేయబోమని ప్రకటించింది, ఏడాది తిరక్కుండానే ఆ మాట మార్చుకుంది. కంపెనీ మీటింగు గదిలో ఎవరో ఒక మీట నొక్కితే ఇక్కడ ఒక ఉద్యమం సగం మందికి కనిపించకుండా పోతుంది. రెజో 55 నిమిషాల వీడియో ఈ రూలుకి విరుద్ధం అనిపిస్తుంది గానీ, ఆ కుర్రాడికి అప్పటికే లక్షల్లో చందాదారులున్నారు, ఏళ్ల తరబడి నవ్వించి సంపాదించుకున్న జనం వాళ్లు. కొత్తగా చానల్ తెరిచి నేరుగా భూతాపం గురించి గంట మాట్లాడితే చూసేది ఇంట్లోవాళ్లే.

(ఇంతకీ, వీడియో చూడటం వల్లే కాలుష్యం కదా అని కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం గంటసేపు స్ట్రీమింగ్ చూస్తే సగటున 36 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. పెట్రోలు కారు పావు కిలోమీటరు నడిస్తే దాదాపు అంతే. దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ చెప్పిన అంకె ఒకటి ఇంకా తిరుగుతూనే ఉంది, అది బిట్లకీ బైట్లకీ మధ్య పొరపాటుతో పుట్టింది.)

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది, మాటలోనే ఉంది. 'వాతావరణం' అంటే మనకి ఈ పూట ఎండా వానా, వాతావరణ శాఖ చెప్పేది అదే. భూమి చుట్టూ ఉన్న గాలి పొర కూడా వాతావరణమే. ఏళ్ల తరబడి సగటున ఉండే తీరుకి బడి పుస్తకాల్లో 'శీతోష్ణస్థితి' అనే మాట ఉంది, పరీక్ష రాశాక ఎవరూ దాన్ని నోటితో పలకరు. దాంతో 'వాతావరణ మార్పు' అనగానే వినేవాళ్లకి నిన్న ఎండ, ఇవాళ మబ్బు అన్నట్టు తడుతుంది, అందులో కొత్తేముంది అనిపిస్తుంది. అందుకే తెలుగు కుర్రాళ్లు వీడియోల్లో సూటిగా 'క్లైమేట్ ఛేంజ్' అనేస్తారు. అది తప్పేం కాదు, కానీ అప్పుడు వినేది ఇంగ్లీషు చదువుకున్న నగరం పిల్లలే. కంచ గచ్చిబౌలి వీడియోల్లో ఈ మాట పెద్దగా లేదు. చెట్టు, నెమలి, జేసీబీ, పండగ సెలవు. పల్లెలో అమ్మమ్మకి కూడా వేరే వివరణ అక్కర్లేని మాటలు.

వాతావరణం దెబ్బకొట్టే వీడియోలకి మన దగ్గర కరువేమీ లేదు. 2014 అక్టోబరులో విశాఖని హుద్‌హుద్, 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరి తోటల్ని తిత్లీ ఊడ్చేసిన దగ్గర్నుంచి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పటిదాకా ప్రతిదీ వేల ఫోన్లలో ఉంది. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డుని కొట్టే వీడియో ప్రతి తుపానుకీ కొత్తగా వస్తుంది, ప్రతిసారీ వైరల్ అవుతుంది, కామెంట్లలో దండాలు పెట్టే బొమ్మలు నిండుతాయి, నీళ్లు తగ్గగానే అందరూ మర్చిపోతారు. ఉప్పాడలో ఊరు ఏళ్లుగా సముద్రంలో కలుస్తోంది, అడ్డుగా వేసిన గోడ దెబ్బతింది, మళ్లీ ఏం చేస్తారు, ఎప్పటికి చేస్తారు, డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్న ఆ అలల వీడియోల్లో ఉండదు. తీసినవాళ్ల తప్పు కాదది, ఇల్లు మునుగుతున్నప్పుడు ప్రశ్నలు ఎవరికి తోస్తాయి. నీళ్లు తీసిన నెలకి అదే చోటుకి వెళ్లి రెండో వీడియో తీసే పని మాత్రం ఎవరూ పెట్టుకోవడం లేదు.

భయం కూడా ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా (ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చే ముందు దానివల్ల జరిగే నష్టాన్ని లెక్కగట్టడం) నిబంధనల ముసాయిదాని వ్యతిరేకిస్తూ మంత్రికి ఈమెయిళ్లు పంపించిన యువత బృందం ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా వెబ్‌సైటు కొన్నాళ్లు తెరుచుకోలేదు, ఢిల్లీ పోలీసులు ఉపా (ఉగ్రవాద వ్యతిరేక చట్టం) కింద నోటీసు ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2021 ఫిబ్రవరిలో బెంగళూరు అమ్మాయి దిశా రవిని రైతు ఉద్యమం టూల్‌కిట్ (ఉద్యమానికి ఎలా మద్దతివ్వాలో చెప్పే ఆన్‌లైన్ పత్రం) విషయంలో అరెస్టు చేశారు, పది రోజులకి బెయిలు వచ్చింది. ఇంట్లో ఉద్యోగం, పాస్‌పోర్టు, అమెరికా వీసా అనే టెన్షన్ ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ వార్తలు ఏ పని చేస్తాయో చెప్పక్కర్లేదు.

అయితే ఆ 2020 ముసాయిదాలో కుర్రాళ్లకి కోపం తెప్పించిన అంశాల్లో ఒకటి చూడండి: పెద్ద ప్రాజెక్టులకి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు గడువుని 30 రోజుల నుంచి 20కి తగ్గించడం. ఇప్పుడు అమల్లో ఉన్న 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ఫ్యాక్టరీల్లో, గనుల్లో చాలావాటికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు కనీసం 30 రోజుల గడువుతో స్థానిక భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి, కలెక్టరో ఆయన తరఫు అధికారో వచ్చి కూర్చుని జనం మాట వినాలి. తేదీ ఉంది, చోటు ఉంది, జవాబు చెప్పాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు. జనం లేవనెత్తిన అభ్యంతరాలకి కంపెనీ తుది నివేదికలో జవాబు రాసి తీరాలి. విల్లో పిల్లలకి దొరకనిదీ, రెజోకి ఎన్నికల రూపంలో దొరికిందీ ఇదే.

ఆ నోటిఫికేషన్‌లో ఇంకో వాక్యం కూడా ఉంది. ఆ సభ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలి వీడియో తీయించి, కాపీని అనుమతి ఇచ్చే అధికారులకి పంపాలట. అంటే ఆంధ్రలో, తెలంగాణలో ఇన్నేళ్లుగా జరిగిన ప్రతి ప్రజాభిప్రాయ సేకరణకీ ఒక వీడియో ఉండాలి, అందులో రైతులు మైకు పట్టుకుని తెలుగులో తమ భూమి, నీళ్లు, గాలి గురించి మాట్లాడి ఉంటారు. అది ఎక్కడో ఫైలుతో పాటు ఉంటుంది. అదే సభలో వెనక వరసలో నిలబడి తన ఫోనుతో తీసి, ముప్పై రోజుల ముందే ఊళ్లో నోటీసు చదివి వినిపించే పిల్లలు ఇంకా తక్కువే, వాళ్ల వీడియోలకి వ్యూస్ కూడా వందల్లోనే వస్తాయి, ఆ వందమందీ మాత్రం ఆ ఊరివాళ్లు.